మైనస్ 40 తట్టుకుంటే సరిపోదు, కాయ కూడా కాయాలి కదా

బాగా చలి పడే చోట పండ్ల చెట్లు పెట్టాలనుకునేవాళ్ళు ముందు అడిగేది ఒకటే, ఈ చెట్టు ఎంత చలి తట్టుకుంటుంది అని. అడగాల్సిందే, హార్డీనెస్ జోన్ నంబర్లు, అంటే చలికాలంలో ఎంత చలి పడుతుందో దాన్ని బట్టి ప్రాంతాలకు ఇచ్చే నంబర్లు, ఉన్నదే అందుకు, జోన్ 3 అంటే మైనస్ 40 సెల్సియస్ దాకా పడే చోటు, జోన్ 4 అంటే మైనస్ 34 దాకా. కానీ ఆ నంబర్ చెప్పేది చెట్టు బతుకుతుందా లేదా అనే వరకే, కాపు సంగతి దాంట్లో ఉండదు.

ఆప్రికాట్‌నే తీసుకోండి, చెట్టు గట్టిదే, నడి చలికాలాన్ని బానే తట్టుకుంటుంది, కానీ నాలుగు రోజులు వెచ్చబడితే చాలు అన్నిటికంటే ముందు పూసేస్తుంది, ఆ తర్వాత ఒక్క రాత్రి మంచు పడిందంటే ఆ ఏడాది కాపు పోయినట్టే. ఆపిల్ పూత కూడా మైనస్ 2 దగ్గర దెబ్బతినడం మొదలై మైనస్ 4 కి దాదాపు అంతా పోతుంది, కాకపోతే అది లేటుగా పూస్తుంది కాబట్టి చాలాసార్లు గండం గడుస్తుంది. అందుకే మొదటి చెట్టు ఏది పెట్టాలంటే నేను ఆపిల్ లేదా పుల్ల చెర్రీ అనే చెప్తాను. ఆపిల్‌లో హనీక్రిస్ప్ మంచిది, మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు 1991లో ఇచ్చిన రకం, చలిచోట్ల కోసమే చూసి ఎంచింది. తోడుగా అదే టైమ్‌లో పూసే ఇంకో ఆపిల్ రకం ఉండాలి, లేకపోతే కాయ నిలవదు.

రకం పేరు చూసి కొనేస్తారు గానీ కింద అంటు దేనికి కట్టారో ఎవరూ అడగరు!! పైన ఎంత గట్టి రకమైనా వేరు చలికి చస్తే చెట్టే ఉండదు, ఆంటొనోవ్కా లాంటి చలికి గట్టి ఆపిల్ రూట్‌స్టాక్ (అంటు కట్టడానికి కింద వాడే వేరు మొక్క) అయితే నిశ్చింత.

గింజల చెట్లలో నా ఓటు అమెరికన్ హేజెల్‌నట్‌కే, పొదలా పెరుగుతుంది, తొందరగా కాపుకొస్తుంది, పుప్పొడి గాలికే పోతుంది కాబట్టి రెండు మూడు మొక్కలు దగ్గర దగ్గరగా పెట్టాలి. బ్లాక్ వాల్‌నట్ కూడా చలికి గట్టిదే కానీ దాని వేళ్ళ నుంచి జుగ్లోన్ అనే పదార్థం దిగుతుంది, ఆపిల్‌కి అది పడదు, దూరంగా పెట్టండి.

ఇక చోటు, పల్లంలో మాత్రం వద్దు, చల్లగాలి బరువు కాబట్టి రాత్రిపూట అంతా అక్కడికే చేరుతుంది, కాస్త వాలు మీద పెడితే అదే చెట్టు పూత నిలబెట్టుకుంటుంది. ఎండాకాలం సగం దాటాక నత్రజని ఎరువు ఆపేయండి, లేత కొమ్మలు ముదరకుండా చలిలోకి వెళ్తే చివర్లు మాడిపోతాయి.