మారిషస్‌లో ఒక పగలు: తమరిన్ నుంచి షామరెల్ దాకా

మారిషస్ గడియారం మన గడియారం కంటే గంటన్నర వెనక నడుస్తుంది. అందువల్ల అక్టోబరు నెలలో ఆ రోజు తెల్లవారి ఐదున్నరకు ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లోని మా బస ముందు కారు వచ్చి ఆగేసరికి, కాకినాడ లెక్కన ఏడయింది కాబట్టి, మా వారూ నేనూ అప్పటికే స్నానాలు ముగించుకుని సిద్ధంగా ఉన్నాము. కారు నడిపే ఆయనకు అరవై ఏళ్లు ఉంటాయి. మా మాటలు విని, "నమస్కారమండీ" అని స్పష్టంగా పలకరించి, తాము కూడా తెలుగువారమేనని, ఇంట్లో మాట్లాడుకునేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాషే అయినా తాను బడిలో తెలుగు నేర్చుకున్నానని, ఉగాదికి ఈ దేశంలో ప్రభుత్వ సెలవు ఉంటుందని ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చెప్పారు. తాతల ఊరు ఏదని అడిగితే "కోరంగి" అన్నారు.

నా పుట్టిల్లు తాళ్లరేవు. కోరంగి మాకు పొరుగూరు. అయితే ఆయన చెప్పిన కోరంగి నాకు తెలిసిన ఊరు కాకపోవచ్చు. 1834లో కలకత్తా నుంచి 'అట్లాస్' అనే ఓడ కూలీలను పోర్ట్ లూయీకి చేర్చినప్పటి నుంచి 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది ఒప్పంద కూలీలు ఈ దీవిలో దిగారు. వారిలో గోదావరి మొగ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన తెలుగువారిని, వారు అసలు ఏ పల్లెలో పుట్టినవారైనా సరే, ఇక్కడ కోరంగివారనే పిలిచారు. ఊరి పేరు మరుగున పడి, ఓడ ఎక్కిన రేవు పేరే వంశానికి గుర్తుగా మిగిలిపోయింది. ఈ సంగతి చెప్పి ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకని, కోరంగి మా ఊరి పక్కనే ఉన్నదని మాత్రం చెప్పాను. ఆయన కారు నెమ్మది చేసి వెనక్కి తిరిగి నా ముఖం చూశారు.

రివియేర్ న్వార్ రేవులో మేము ఎక్కిన పడవ చిన్నది, పది మందికి సరిపోయేది. సరంగు క్రియోల్ యువకుడు. ఒడ్డు వదిలి ఉత్తరంగా తమరిన్ అఖాతం వైపు పావుగంట సాగిన తర్వాత ఇంజను చప్పుడు తగ్గించి, చేయి చాపి, "దూస్మాన్, దూస్మాన్" అన్నాడు. నెమ్మది అని దాని అర్థం. అతను చూపిన చోట నీటి మీద ముందు నాలుగు, ఆ తర్వాత పదీ పన్నెండు రెక్కలు ఒకేసారి లేచి, ఒకేసారి మునిగాయి. స్పిన్నర్ డాల్ఫిన్లు. గాలిలోకి ఎగిరి బొంగరంలా గిరగిరా తిరుగుతాయి కనుక వాటికా పేరు. అయితే ఆ ఉదయం అవి ఏమంతగా ఎగరలేదు. దగ్గర దగ్గరగా గుంపు కట్టి, ఒక వైపు నుంచి మరో వైపుకు నింపాదిగా ఈదుతూ, మధ్య మధ్య ఊపిరి కోసం పైకి వచ్చి, నిట్టూర్పు లాంటి చప్పుడు చేసి మళ్లీ లోపలికి వెళ్లిపోయేవి.

అవి ఆడుకోవడం లేదు, నిద్రపోతున్నాయి. ఈ ప్రయాణంలో నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. స్పిన్నర్ డాల్ఫిన్లు రాత్రంతా తీరానికి దూరంగా లోతైన నీటిలో, చీకటి పడ్డాక పైకి వచ్చే చిన్న చేపలనూ కణవలనూ (స్క్విడ్లనూ) వేటాడతాయి. తెల్లవారేసరికి ఇలాంటి అఖాతాల్లోకి చేరుకుంటాయి. అడుగున తెల్లటి ఇసుక పరిచి ఉన్న చోట, దగ్గరకు వచ్చే సొరచేప నీడ దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి అవి ఈ తావునే పడకటిల్లుగా ఎంచుకున్నాయి. గాలి పీల్చుకోవడానికి పైకి రాక తప్పదు కాబట్టి మనలాగా ఒళ్లు మరచి నిద్రపోవడం వాటికి కుదరదు. మెదడులో ఒక సగం విశ్రమిస్తుంటే రెండవ సగం మేలుకుని ఉంటుంది. మధ్యాహ్నం దాటిన తర్వాత మళ్లీ హుషారు పుంజుకుని, ఎగురుతూ తిరుగుతూ లోతు సముద్రం వైపు సాగిపోతాయి.

ఏడు దాటేసరికి అక్కడికి మరో పదిహేను పడవల దాకా చేరాయి. కొన్ని గుంపుకు ఎదురుగా వెళ్లి అడ్డంగా నిలిచాయి. మనుషులు కేకలు వేస్తూ వాటి దారిలోనే నీళ్లలోకి దూకారు. గుంపు రెండుగా చీలి లోపలికి దిగిపోయింది. కాసేపటికి దూరాన తేలింది. పడవలు మళ్లీ అటు పరుగెత్తాయి. మీరూ దిగుతారా అని సరంగు మమ్మల్ని అడిగాడు. పసిబిడ్డ ఉయ్యాల చుట్టూ చేరి డప్పులు కొట్టినట్లుందని అనిపించి, మేమిద్దరమూ వద్దన్నాము. మిగిలినవారు కూడా మా మాట మన్నించారు. అతను సంతోషంగానే ఇంజను పూర్తిగా ఆపివేసి పడవను అలల మీద వదిలేశాడు. పది నిమిషాల తర్వాత ఆ గుంపులోని ఐదారు డాల్ఫిన్లు, ఒక పిల్లతో సహా, వాటంతట అవే మా పడవ పక్కనుంచి వెళ్లాయి. వీపు ముదురు బూడిద, పక్కన లేత చార, పొట్ట తెలుపు, మూడు రంగులూ విడివిడిగా కనిపించేంత దగ్గరగా వచ్చాయి. తల్లి ఊపిరి వదిలినప్పుడు లేచిన తుంపర నా చేతి మీద పడింది.

అక్కడి నుంచి దక్షిణంగా తిరిగాము. ఈ దీవి చుట్టూ దాదాపుగా పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. బయటి మహాసముద్రపు అలలు ఆ గోడ మీద తెల్లగా విరిగిపోతాయి; లోపలి నీటిని లగూన్ అంటారు. గోదావరి తెచ్చే ఒండ్రుతో ఎప్పుడూ కలిసిన సముద్రాన్ని చూస్తూ పెరిగిన నాకు, నిలువెత్తు లోతున పడి ఉన్న గవ్వ గీతలు కూడా కనిపించే ఆ నీరు చూస్తే మొదట నమ్మకం కుదరలేదు. ఇక్కడి నదులు చిన్నవి. అవి సముద్రంలో కలిసే చోట మంచినీటికి, మట్టికి పగడం బతకలేదు కాబట్టి గోడలో అక్కడక్కడ సందులు ఏర్పడ్డాయి; పడవలు ఆ సందుల గుండానే బయటి సముద్రంలోకి వెళ్లి వస్తాయి.

ఇసుక సంగతి కూడా అక్కడే అర్థమయింది. ఈ దీవి అగ్నిపర్వతం నుంచి పుట్టింది, రాళ్లన్నీ నల్లనివి. అయినా తీరాలు మాత్రం తెల్లన. ఎందుకంటే ఆ ఇసుక కొండల నుంచి వచ్చినది కాదు. పగడాలు, ఆల్చిప్పలు అరిగి పొడి అయినది. గొట్టపు కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలో ముఖం ఆనించినప్పుడు, చిలకముక్కు చేపలు పగడాన్ని కొరుకుతున్న చప్పుడు కరకరమని చెవిలో వినిపించింది. అవి తిన్న పగడపు ముక్క వాటి గొంతులోని పళ్ల మధ్య నలిగి ఇసుకగా బయటికి వస్తుంది. మన తీరానికి ఇసుకను నది మోసుకొస్తే, ఈ తీరానికి ఇసుకను ప్రాణులే తయారు చేస్తున్నాయి. పగడం చచ్చిపోతే అలలను ఆపే గోడా ఉండదు, కొత్త ఇసుకా ఉండదు. నేను చూసిన చోట కొమ్ముల పగడాలు కొన్ని గోధుమ రంగులో ప్రాణంతో ఉన్నాయి. చాలా వరకు విరిగి, పుల్లల కుప్పల్లా పడి ఉన్నాయి. నీరు వేడెక్కితే పగడం తనలో ఉన్న సూక్ష్మమైన పాచిని బయటికి పంపేసి తెల్లబడిపోతుంది, ఆ వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. ఉప్పాడలో ఇళ్లూ గుళ్లూ ఒక్కొక్కటే సముద్రంలో కలిసిపోవడం చూసిన వాళ్లం కనుక, ఆ పుల్లల కుప్పలను చూసి మా వారు చాలాసేపు మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఇల్ ఓ బెనిత్యే అనే చిన్న దీవిలో దిగాము. బెనిత్యే అంటే రాక్షసి ఆల్చిప్ప. చర్చి గుమ్మంలో పవిత్రజలం ఉంచే తొట్టికి కూడా ఫ్రెంచి భాషలో అదే పేరు. పూర్వం ఆ పెద్ద చిప్పలనే తొట్లుగా వాడేవారట. దీవి నిండా కొబ్బరి చెట్లు, సరుగుడు చెట్లు. సరుగుడు తోపులో గాలి చేసే ఆ సన్నని ఈల మా కోనసీమ తీరంలో విన్నదే. కాల్చిన చేప, అన్నం పెట్టారు. వాటితో పాటు 'గాతో పిమాఁ' అని చిన్న చిన్న వడలు కూడా. పప్పు నానబెట్టి, కచ్చాపచ్చాగా రుబ్బి, పచ్చిమిరపకాయలు వేసి వేయించిన ఆ వడ ఫ్రెంచి పేరు తగిలించుకున్న మన పప్పు వడే.

తిరుగు దారిలో లె మోర్న్ కొండను నీటి మీద నుంచే చూశాము. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఆ నల్లరాతి కొండ ఎత్తు 556 మీటర్లు. చెరకు తోటల నుంచి పారిపోయిన బానిసలు దాని పైన, గుహల్లో దాక్కుని బతికారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిందన్న కబురు చెప్పడానికి సిపాయిలు కొండ ఎక్కుతుంటే, తమను పట్టుకోవడానికే వస్తున్నారనుకుని వారు పై నుంచి దూకేశారని ఇక్కడివారు తరతరాలుగా చెప్పుకుంటారు. యునెస్కో 2008లో ఈ కొండను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. బానిసలు విడుదలైన తోటల్లో పని చేయడానికే మనవాళ్లను ఓడల్లో తెచ్చారన్నది తలచుకుంటే ఆ కొండ వైపు ఊరికే ఫోటో తీయబుద్ధి కాలేదు.

ఆ కొండ పాదాల దగ్గరే 'సముద్రం లోపలి జలపాతం' ఉందని చాలామంది వెతుకుతారు. పడవలో ఉన్నవారికి అది కనిపించదు. తీరపు అరుగు చివర నుంచి ఇసుక లోతులోకి జారిపోతుంటే, లేత రంగు, ముదురు రంగు కలిసి ఆకాశం నుంచి చూసేవారికి నీరు దూకుతున్నట్లు భ్రమ కలిగిస్తుంది. నిజానికి అక్కడ పడేది నీరు కాదు, ఇంతకు ముందు చెప్పిన ఆ తెల్ల ఇసుకే.

నిజమైన జలపాతాన్ని సాయంత్రం చూశాము. కాజ్ నొయాల్ నుంచి మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు ఎక్కి షామరెల్ చేరుకున్నాము. ఏడు రంగుల నేల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. అగ్నిశిల శిథిలమై బంకమన్నుగా మారి, అందులోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల వల్ల కుంకుమ, పసుపు, ఊదా రంగుల్లో అలలు తేలిన ఆ మట్టిదిబ్బలు అందంగానే ఉన్నాయి. కానీ మనసు పక్కన వినిపిస్తున్న హోరు మీదే ఉంది. షామరెల్ జలపాతం సుమారు 100 మీటర్లు. మన తలకోన 270 అడుగులు కదా, దానికంటే కొంత ఎక్కువ. ఎక్కడా మెట్టు తగలకుండా, పచ్చటి అడవి మధ్య నల్లటి లావా పొరల అంచు నుంచి ఒకే దూకుగా గుండ్రని లోయలో పడుతుంది. ఆ లోయలో తెల్లని పక్షులు రెండు, ఒంటి కంటే పొడవైన తోకలు వెనక తేలుతుండగా, నీటిధారకు అడ్డంగా చుట్టు తిరుగుతున్నాయి. వీటిని ఇక్కడ 'పాయ్ ఆన్ క్యూ' అంటారు. తోకలో గడ్డిపరక అని అర్థం. ఇవి సముద్రపక్షులు. వేట అంతా సముద్రం మీద, గూడు మాత్రం ఇలాంటి కొండ చరియల్లో. పొద్దున చూసిన డాల్ఫిన్లు రాత్రి వేటాడి పగలు ఒడ్డుకు వచ్చి నిద్రపోతే, ఈ పక్షులు పగలంతా ఆ నీటి మీదే వేటాడి కొండకు వస్తున్నాయి.

దిగి వస్తూ దారి మలుపులో ఆయన కారు ఆపారు. కింద లగూన్ అంతా కనిపిస్తోంది. ఎడమన లె మోర్న్, ఎదురుగా ఇల్ ఓ బెనిత్యే, దూరాన గోడ మీద విరిగే తెల్లని గీత. పడవలన్నీ వెళ్లిపోయాయి. సూర్యుడు నీటికి చేరువగా ఉన్నాడు.

"అమ్మగారూ, అక్కడ సముద్రం ఏ రంగు?" అని ఆయన అడిగారు.

గోదావరి నీళ్లు కలిసిన చోట మట్టి రంగని, వరద రోజుల్లో ఇంకా ఎర్రగా ఉంటుందని, ఇప్పుడు అక్కడికి ఓడలు రావని, రేవు చుట్టూ మడ అడవులు పెరిగాయని, పోటు వచ్చినప్పుడు ఆ చెట్ల వేళ్ల దాకా నీళ్లు ఎక్కుతాయని, హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టి వెళతాయని చెప్పాను. మడ అన్న మాట ఆయనకు తెలియలేదు. నా ఫోన్‌లో తాళ్లరేవు ఉప్పుటేరు ఫోటో ఒకటి ఉంటే తీసి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, దాన్ని వేళ్లతో పెద్దది చేసి, నీళ్లు ఎటు వైపు వెళితే సముద్రం వస్తుందని అడిగారు.