ప్యూర్ డేటా నేర్పేవారి కోసం వెతికిన వైనం: నా అనుభవం

నెల్లూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకూ జాతరలకూ ఎల్ఈడీ తెరలు, సౌండు సిస్టం అద్దెకిచ్చే మా కుటుంబ వ్యాపారంలో తెర నడిపే పని నాది. ముందే తయారైన వీడియో లూపులు వేసి కూర్చోకుండా, డప్పు దెబ్బ బలాన్ని బట్టి తెరమీద రంగులూ ఆకారాలూ అప్పటికప్పుడు మారేలా చేయాలనుకున్నాను. కోడు టైపు చేయకుండా తెరమీది పెట్టెలను తీగలతో కలిపి ప్రోగ్రాం తయారుచేసే ప్యూర్ డేటా వంటి సాఫ్ట్‌వేర్లు ఇందుకు పనికివస్తాయని తెలిసి, నేర్పేవారి కోసం వెతకసాగాను.

ముందు ఊళ్లోని యానిమేషన్, ఎడిటింగ్ శిక్షణ కేంద్రాలలో విచారించాను. “అవి ఇక్కడెవరూ అడగరు సార్. ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అయితే రేపే బ్యాచ్‌లో చేరండి” అన్నారొకచోట. ఆ రెండూ తీసిన వీడియోను తీరిగ్గా కూర్చడానికి పనికివచ్చేవే గాని, మైకు వింటూ అదే క్షణంలో బొమ్మ గీయడానికి కాదు. చెన్నై వెళ్లి చేరదామంటే పెళ్లిళ్ల సీజనులో దుకాణం వదలడం కుదరలేదు. దాంతో, ఏ సాఫ్ట్‌వేరో ముందు తేల్చుకుని ఆ తరువాతే గురువును వెతకాలనుకున్నాను.

వాటిలో టచ్‌డిజైనర్ అనేది బొమ్మల విషయంలో చాలా బలమైనదే. కానీ దాని ఉచిత లైసెన్సుతో డబ్బు తీసుకునే కార్యక్రమం చేయరాదు, పైగా చిత్రం 1280×1280 పిక్సెళ్లకు మించదు. అలాంటిదే మరొకటి, మాక్స్, డబ్బు పెట్టి కొనాలి. ఆ మాక్స్‌ను 1980లలో పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన కేంద్రంలో మొదలుపెట్టిన మిల్లర్ పకెట్ తరువాత 1990లలో రాసినదే ప్యూర్ డేటా. ఇది పూర్తిగా ఉచితం. జెమ్ అనే లైబ్రరీ చేర్చుకుంటే బొమ్మలూ వస్తాయి. ప్యూర్ డేటా నేర్చిన చేతికి మాక్స్ కూడా త్వరగా పట్టుబడుతుందని దీనినే ఎంచుకున్నాను.

పేరు చెప్పి అడిగితే మనిషి దొరకడం తేలికయింది. బెంగళూరులో పనిచేసే ఒంగోలు ఇంజనీరు ఒకరు వీడియో కాల్‌లో, కోర్సు లెక్కన కాకుండా క్లాసు లెక్కన ఫీజు తీసుకుని, తెలుగులోనే చెప్పడానికి ఒప్పుకున్నారు. ఆయన తయారైన ప్యాచ్, అంటే పెట్టెలు కలిపి చేసిన ప్రోగ్రాం, ఇవ్వలేదు. కూడిక పెట్టెకు కుడివైపు వచ్చిన సంఖ్య లోపల నిలిచి ఉంటుందనీ, ఎడమవైపు సంఖ్య వచ్చినప్పుడే ఫలితం బయటికి వస్తుందనీ ముందుగా నేర్పారు. చిన్న సంగతిలా కనిపిస్తుంది గాని, ఈ వరుస తప్పితే రంగు ఒక దెబ్బ ఆలస్యంగా మారుతుంది. ఏ పెట్టె మీదనైనా కుడి క్లిక్ చేసి హెల్ప్ తెరిస్తే నడిచే ఉదాహరణే కనిపిస్తుంది. దానిని మార్చి చూసి వచ్చాకే తరగతికి కూర్చోమనేవారు. సగం చదువు అక్కడే జరిగింది.

తాళవాద్యాల దెబ్బలను పసిగట్టే బాంక్ అనే పెట్టె దగ్గర మాత్రం ఎక్కువ కాలం ఆగాం. ఒక్కో రకం దెబ్బను కొన్నిసార్లు వినిపిస్తే అది గుర్తుపెట్టుకుని, తరువాత ఏది మోగిందో, ఎంత గట్టిగా మోగిందో చెబుతుంది. సిర్ర అనే లావు కర్ర దెబ్బకు ఎరుపు, చిటికెన పుల్ల అనే సన్నని పుల్ల దెబ్బకు పసుపు పెట్టాం. డప్పును మంట దగ్గర కాస్తే నాదం మారిపోతుంది కనుక, కాచిన డప్పుతోనే దానికి నేర్పాలని ఆయనకు నేను చెప్పాను. పక్కనున్న స్పీకర్ల మోతకు కూడా రంగులు మారుతుంటే, మైకును డప్పు చట్రానికి దగ్గరగా బిగించి, ఎంత గట్టి శబ్దాన్ని దెబ్బగా లెక్కించాలో ఆ హద్దును పెంచాం. రెండు డప్పులు ఒకేసారి మోగినప్పుడు వాటిని వేరుచేయడం మీద ఇప్పుడు పాఠాలు నడుస్తున్నాయి.