చేర్చుకోవడం, పంపించడం: వార్డు రాతపనిలో నా అనుభవం

రోగిని చేర్చుకునేటప్పుడు నింపే అసెస్‌మెంట్ ఫారానికి ఎంత సమయం పడుతుందన్నది, ఒడిశాలోని రాయగడలో నేను నర్సుగా పనిచేసే వార్డులో, ఆ రోగి మాట్లాడే భాషను బట్టి ఉంటుంది. బీపీ, నాడి, ఆక్సిజన్ చూసి రాయడం త్వరగానే అయిపోతుంది. పడిపోయే ప్రమాదాన్ని అంచనా వేసే మోర్స్ స్కేలులో 6 అంశాలు, పడకపుండ్ల ముప్పును తేల్చే బ్రేడెన్ స్కేలులో మరో 6 అంశాలు ఉంటాయి. వాటిలో కొన్ని చూసి రాయవచ్చు, కొన్ని అడిగితేనే తెలుస్తాయి. గుణుపురం వైపు నుంచి సవర అనే గిరిజన భాష మాట్లాడేవారు వస్తే నా తెలుగూ ఒడియా చాలవు, వెంట వచ్చిన బంధువు ద్వారా ప్రతి ప్రశ్నా అడిగించాలి. అన్నింటికంటే ఎక్కువసేపు పట్టేది ఇంట్లో వాడుతున్న మందుల వివరం. మూట విప్పి చూపించే మాత్రల స్ట్రిప్పులలో పేరున్న ముక్కే చాలాసార్లు కత్తిరించి ఉంటుంది.

డాక్టరు రౌండ్సులో డిశ్చార్జి మాట అనగానే బంధువులు సంచులు సర్దుకుంటారు. మిగిలిన మందులు ఫార్మసీకి తిప్పి పంపడం, రావలసిన రిపోర్టులు తెప్పించడం, కేస్ షీటు సరిచూసి బిల్లింగుకు పంపడం మాకు అప్పుడే మొదలవుతాయి. నగదురహిత బీమా ఉన్నవారికి, ఆసుపత్రి డిశ్చార్జి అభ్యర్థన పంపిన 3 గంటలలోపు బీమా సంస్థ తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఆదేశించింది. అభ్యర్థన పంపేలోగా వార్డులో గడిచే సమయం మాత్రం ఆ గడువు లెక్కలోకి రాదు.

ఈ హడావుడిలో కుదించకూడనిది రోగికి చెప్పవలసిన భాగం. కొత్తగా ఇన్సులిన్ మొదలైన వారికి, మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందుకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లుండే మందుకు నారింజ మూత సిరంజి అని రెండూ చేతికిచ్చి, వారి చేతనే మందు తీయించి చూడాలి. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు పెరగవచ్చు, లేదా అంతగా తగ్గిపోవచ్చు. అందుకే మా ఇన్‌చార్జి సిస్టరు గారితో మాట్లాడి, దీనిని డిశ్చార్జికి ముందు రోజు సాయంత్రానికి మార్పించాను. మందుల జాబితాను కూడా చేరిన రోజే పూర్తిచేసి ఉంచుతున్నాం. ఉదయం ఒత్తిడి కొంత తగ్గింది.

తగ్గనిది డ్యూటీల లెక్క. నిండిన పడకలను బట్టి నర్సులను వేస్తారు. ఉదయం నలుగురు వెళ్లి, మధ్యాహ్నానికి ఆ పడకలలోకి మరో నలుగురు వస్తే నిండిన పడకల సంఖ్య మారదు కానీ, ఎనిమిది మంది కాగితాలు ఒకే షిఫ్టు మీద పడతాయి. రోజూ ఎందరు చేరారు, ఎందరు వెళ్లారు అన్నది కూడా చూసి డ్యూటీలు వేయాలని రాతపూర్వకంగా కోరాము.