చేటలో పిల్లికూన

మా దర్జీ నా నడుముకు టేపు చుట్టి, "37 సార్, పోయినసారి కంటే రెండంగుళాలు ఎక్కువ" అన్నాడు. చొక్కాకు మాత్రం పాత కొలతే. చేతులు పుల్లలు, పొట్ట కుండ. ఆ నెలలోనే రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర 7.4 శాతం వచ్చింది. నాకు 41 ఏళ్లు, బరువు 64 కిలోలు. "గాలికి ఎగిరిపోయేలా ఉంటావు, నీకు షుగరా?" అని ఆఫీసులో నవ్వారు.

డాక్టరు అడిగిన ప్రశ్న వింతగా తోచింది: "పుట్టినప్పుడు ఎంత బరువున్నారు?" అమ్మకు ఫోను చేశాను.

"బరువు ఎవరు చూశారు నాన్నా. మంత్రసాని చేటలో పెట్టి చూపిస్తే, పిల్లాడా పిల్లికూనా అంది మీ నానమ్మ."

బిడ్డ బాగా పెరిగితే కాన్పు కష్టమని, కడుపుతో ఉన్నన్నాళ్లూ అమ్మకు అర్ధాకలి తిండే పెట్టారట. ఏడో నెలలోనూ నాట్లకు వెళ్లిందట.

నాకు దొరకని ఆ అంకె ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వేలమందికి ఉంది. 1911 నుంచి అక్కడ పిల్లల బరువు పుట్టినప్పుడూ, ఏడాది నిండాకా పుస్తకాల్లో రాసిపెట్టారు. బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ బార్కర్ బృందం ఆ దస్త్రాల్లోని 5,654 మంది మగవాళ్లు తర్వాత ఏమయ్యారో వెతికి 1989లో ప్రకటించింది. పుట్టినప్పుడూ ఏడాదికీ బాగా తేలికగా ఉన్నవారిలోనే గుండెజబ్బు మరణాలు ఎక్కువ. మైసూరులోని హోల్డ్స్‌వర్త్ ఆస్పత్రిలో 1934–54 మధ్య పుట్టిన 517 మందిని చూసినా అదే తీరు: రెండున్నర కిలోలు, అంతకు తక్కువ బరువుతో పుట్టినవారిలో 11 శాతం మందికి గుండెజబ్బు, 3.1 కిలోలు, ఆపైన ఉన్నవారిలో 3 శాతానికే.

తిండి చాలని కడుపులో బిడ్డ ఉన్నదాన్ని ముందు మెదడుకు పెట్టుకుంటుందనీ, కండకూ, ఇన్సులిన్ తయారుచేసే క్లోమానికీ, మూత్రపిండాలకూ కోత వేస్తుందనీ బార్కర్ బృందం వివరణ. కరువు ఇంటి లెక్కే. పుణెలో డాక్టర్ యాజ్నిక్ మరో సంగతి చూశారు. అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 3.5. మన పిల్లలకు తగ్గింది ఎక్కువగా కండ. చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదు. అంటే చేటలోని పిల్లికూన కూడా కొవ్వు దాచుకునే వచ్చిందన్నమాట! దర్జీ టేపుకు దొరికింది అదే కాబోలు.

ఇప్పుడు మా ఇంట్లో గొడవ నా గురించి కాదు. మా అమ్మాయి 2.2 కిలోలతో పుట్టింది, దానికిప్పుడు అయిదేళ్లు. అమ్మ ప్రతి ముద్దకూ నెయ్యి కలుపుతుంది. "పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, దాన్ని ఎండబెడుతున్నారా?" అని నా భార్య మీద విసుక్కుంటుంది. ఢిల్లీలో 1969 నుంచి వెంబడించిన పిల్లల కథ అమ్మకు చెప్పాను. పెద్దయ్యాక చక్కెర జబ్బు వచ్చినవాళ్లు రెండేళ్లలోపు సన్నగా ఉండి, ఆ తర్వాత తోటివారికంటే వేగంగా ఒళ్లు చేసినవాళ్లు. చిన్నప్పుడు వాళ్లు లావుగా కూడా లేరు. అమ్మ నమ్మలేదు. నేనైనా అయిదేళ్లదాని కంచంలో నెయ్యి కొలవడానికి మనసొప్పక ఊరుకున్నాను.

అమ్మ చెవి పెట్టి విన్నది ఒక్కటే. 1987–90లో హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13–18 ఏళ్లవాళ్లయ్యాక చూస్తే, ఉప్మా అందని ఊళ్లవాళ్లకంటే 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది.

"కడుపుతో ఉన్నవాళ్లకు కూడా పెట్టారా?"

"పెట్టారమ్మా."

కాసేపు ఏమీ అనలేదు. "ఉప్పు సరిగ్గా వేశారో లేదో" అంది, గిన్నెలు సర్దుతూ.