నేలమీద ఒరిగిన మరియమ్మ

డిసెంబరు వచ్చిందంటే మన గుళ్లలో క్రిస్మస్ పశువుల పాక హడావుడి మొదలు. దూది మంచు, సీరియల్ లైట్లు, ఈమధ్య కొన్నిచోట్ల ఫౌంటెన్ కూడా. వీటి నడుమ నలగని నీలం ముసుగులో మోకరించిన మరియమ్మ. అప్పుడే బిడ్డను కన్న తల్లి అలా కూర్చోగలదా అని మనకు తోచదు.

ఇటలీ చిత్రకారుడు కారవాజ్జోకు తోచింది. సిసిలీలోని మెస్సీనాలో కపూచిన్ సన్యాసుల గుడి కోసం 1609లో ఆయన 'గొర్రెల కాపరుల ఆరాధన' చిత్రించాడు. ఇప్పుడది ఆ ఊరి మ్యూజియంలో ఉంది. మూడు మీటర్లు దాటిన ఎత్తు. పై సగమంతా పాక చెక్కలు, చీకటి. దేవదూత ఒక్కరూ లేరు. కింద గడ్డి చెదిరిన మట్టినేల మీద, ఎర్రబట్టల్లో మరియమ్మ తొట్టికి ఆనుకుని ఒరిగిపోయి ఉంది. ఒళ్లో బాలయేసు తల్లి ముఖానికి చెయ్యి చాపాడు. ఓ మూల తెల్లగుడ్డ, రొట్టె, మరియమ్మ భర్త జోజప్ప వడ్రంగి పనిముట్లు. ఆ సంసారం సామానంతా అంతే.

మరియమ్మకు పురిటినొప్పులు లేవంటుంది మన సంప్రదాయం. నమ్ముతాను. కానీ నజరేతు నుంచి బేత్లెహేము వంద కిలోమీటర్ల పైమాటే. నిండు నెలల్లో ఆ దారి నడిచిన అలసటైనా ఉండదా? ఆమె కళ్లలో ఉన్నది అదే.

"సత్రములో వారికి స్థలము లేనందున" అని లూకా సువార్త చదువుతాం, ఆగకుండా ముందుకు పోతాం. కారవాజ్జో అక్కడే ఆగిపోయాడు. 1606లో రోములో మనిషిని చంపి, ఊరూరా తలదాచుకుంటున్నవాడు. చోటు దొరకకపోవడం అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి పాపిష్టి చేతితో ప్రభువు ఈ బొమ్మ గీయించుకున్నాడు చూడండి!

మా అక్క పురిటికి పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు, మంచాలు చాలక వరండాలో చాపమీద పడుకోబెట్టిన బాలింతను చూశాను. బిడ్డను చీరకొంగులో చుట్టుకుని గోడకు ఒరిగి ఉంది. పక్కనుంచి జనం చెప్పులతో నడిచి వెళ్తున్నారు. నేనూ అలాగే నడిచాను. మెస్సీనా చిత్రాన్ని ఎప్పుడు చూసినా ఆమే కనిపిస్తుంది నాకు. అందులో కాపరులు మాత్రం దాటిపోలేదు, వంగి నిలబడ్డారు. ఒకడైతే భుజంమీద బట్ట కూడా సరిగా లేదు, చేతులు ముడుచుకుని అలా చూస్తున్నాడు.

1223లో ఇటలీలోని గ్రెచ్చోలో పునీత ఫ్రాన్సిస్ వారు మొదటి పాక కట్టినప్పుడు ఉన్నది ఎండుగడ్డి, ఎద్దు, గాడిద. మనకెందుకండీ ఫౌంటెన్లు?

పాక కమిటీలో ఉన్న అన్నలారా, అక్కలారా, ఈసారి లైట్ల డబ్బులో సగం పక్కన పెట్టండి. మీ ఊరి ఆసుపత్రి పురుళ్ల వార్డుకు వెళ్లి, దుప్పట్లు కావాలో, చాపలు కావాలో ముందు నర్సమ్మను అడగండి. ఆమె చెప్పినవే కొనండి. పంచేటప్పుడు ఫోటోలు తియ్యకండి.