మా ట్రెజరర్ హంతకుడికి సెన్సార్ అయిన కథ

మా సినిమా కథ ఇదీ. నిజాంపేటలో ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. అందులో ఒంటరిగా ఉండేవాళ్లు ఒక్కొక్కరే చనిపోతుంటారు. చంపేది మూడో అంతస్తు పెద్దమనిషి, అసోసియేషన్ ట్రెజరర్. మెయింటెనెన్స్ డబ్బుల కోసం ప్రతి గుమ్మం ఎక్కుతాడు కాబట్టి ఎవరు ఊరెళ్లారో, ఎవరు పాలు వద్దన్నారో అన్నీ ఆయనకే తెలుసు. హంతకుడెవరో ప్రేక్షకులకు ఇంటర్వెల్ లోపే తెలిసిపోతుంది. పక్క ఫ్లాట్ అమ్మాయికి మాత్రం తెలీదు. కథంతా నిదానంగా ఆ టెన్షన్ మీదే నడవాలి.

స్క్రిప్టు రాసేటప్పుడే సెన్సార్ గోల మొదలైంది. డబ్బు పెట్టింది మా బావ. "ఒరేయ్, 'ఏ' వస్తే టీవీ వాళ్లు మొహం కూడా చూడరు. ముందే చూసుకో" అన్నాడు. 'ఏ' అంటే పెద్దలకు మాత్రమే. అలాంటి సినిమాని ఉన్నదున్నట్టు టీవీలో వెయ్యకూడదు మరి. 2023లో చట్టం సవరించాక టీవీ కోసం మార్పులు చేసి విడిగా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. కానీ మళ్లీ ఎడిటింగ్, మళ్లీ మిక్సింగ్ అంటే మా బడ్జెట్‌లో అయ్యే పనేనా?

మొదట సిగరెట్ మీద పడ్డాను. రాత్రిపూట ట్రెజరర్ బాల్కనీలో పొగ తాగుతూ ఎదురు కిటికీలోకి చూస్తుంటాడని రాసుకున్నా. తెర మీద సిగరెట్ ఉన్నంతసేపూ కింద హెచ్చరిక పట్టీ ఉండాలి. ఇవి కాక సినిమా మొదట్లో, మధ్యలో 30 సెకన్ల పొగాకు వ్యతిరేక ప్రకటనలు. చీకట్లోకి కళ్లు చికిలించి చూడాల్సిన ప్రేక్షకుడు పట్టీ చదువుకుంటూ కూర్చుంటాడు. అందుకే సిగరెట్ పీకేసి చేతిలో కమలాపండు పెట్టాను. బొటనవేలి గోరు తొడిమ పక్కన దించి, తొక్క ఎక్కడా తెగకుండా చుట్టూ ఒలుస్తాడు. ఒలిచిన తొక్కను రెయిలింగ్ మీద వేలాడదీసి లోపలికెళ్తాడు. తర్వాత ఓ చనిపోయినావిడ వంటింటి సింకులో అలాంటి తొక్కే కనిపిస్తుంది. సిగరెట్ పీకకి ఆ పని చేతనయ్యేది కాదు.

తర్వాత కుక్క. నాలుగో అంతస్తు ఆంటీ కుక్క లిఫ్ట్ చప్పుడైతే చాలు మొరుగుతుంది. ఒక రాత్రి మొరగదు. జంతువుని షూట్ చేయాలంటే జంతు సంక్షేమ బోర్డు దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి. సెన్సార్‌కి వెళ్లేటప్పుడు ఆ బోర్డు ఇచ్చిన ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, జతచేయాలి. అయినా మాకు కుక్కతో పనేముంది, మొరుగుడు ఆగితే చాలు కదా! తలుపు వెనక నుంచి వినిపించే అరుపు, పాతకాలం లిఫ్ట్ గ్రిల్ లాగిన చప్పుడు, ఈ రెండింటితోనే సౌండ్ కుర్రాడు పని కానిచ్చేశాడు. బొచ్చుకుక్కని చూపించి ఉంటే జనం ముద్దుచేసేవాళ్లు, భయపడేవాళ్లు కాదు.

సెన్సార్ దరఖాస్తు అంతా ఆన్‌లైనే. కథా సారాంశం, మొత్తం డైలాగులు టైప్ చేసి పెట్టాలి. పాటలుంటే వాటి సాహిత్యమూ ఇవ్వాలి, మాకు ఆ బాధ లేదు. సెన్సార్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి ఊరు దాటే పని పడలేదు. పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్ యూఏ. 2024 నిబంధనలు వచ్చాక అందులోనే 7, 13, 16 ఏళ్లని మూడు మెట్లున్నాయి. మా ఆశ 16 మీదే.

సెన్సార్ కమిటీ సినిమా చూస్తున్నంతసేపూ మేం బయట. బావ టీ మీద టీ తాగాడు. పిలిచాక లోపలికెళ్తే రక్తం గురించి ఎవరూ ఎత్తలేదు, అసలు మేం రక్తం చూపిస్తే కదా! ఒక హత్యలో కొట్టుకునే కాళ్లు, ఊడిపోయిన హవాయి చెప్పు మాత్రమే చూపించాం. ఆ కాళ్లు మరీ ఎక్కువసేపు కొట్టుకుంటున్నాయన్నారు. షాట్ సగానికి తగ్గించమన్నారు. వాచ్‌మన్ ట్యాంకర్ డ్రైవర్‌ని తిట్టే బూతు మ్యూట్ చేయమన్నారు. షాట్ విషయం వెంటనే ఒప్పుకున్నా. బూతు దగ్గరే కాస్త బతిమాలాను, సినిమా మొత్తంలో జనం నవ్వేది అక్కడొక్కచోటే. కుదరలేదు. కాదంటే సినిమాని మళ్లీ చూసే రివైజింగ్ కమిటీకి వెళ్లొచ్చు, అక్కడా కాదంటే హైకోర్టే. మధ్యలో ఉండే అప్పిలేట్ ట్రిబ్యునల్‌ని 2021లో ఎత్తేశారు. రిలీజ్ నెత్తిమీద ఉంటే అంత ఓపిక ఎవరికుంది? సరేనని మార్పులు చేసిచ్చాం, యూఏ 16+ వచ్చింది.

థియేటర్లో వేసే ట్రైలర్‌కి వేరే సర్టిఫికెట్ కావాలి. బావ ముచ్చటపడి ఎడిట్ చేయించిన ట్రైలర్ వాచ్‌మన్ తిట్టుతోనే మొదలవుతుంది. మళ్లీ ఎడిటింగ్ రూమ్‌కి బయల్దేరాం.