మెత్తని వెలుగుకు ఒక పేరు

కొన్నాళ్లుగా సరదాకి ఒక భాష కట్టుకుంటున్నాను. నీళ్లు, నిప్పు, నడక లాంటి మాటలు చకచకా వచ్చేశాయి. కళ్లను ఇబ్బంది పెట్టని వెలుగు దగ్గరే ఆగిపోయాను.

ఇలా సొంతంగా భాషలు కట్టిన ఇతరులు ఏం చేశారో చూశాను. 1887లో జామెన్‌హాఫ్ బయటపెట్టిన ఎస్పెరాంటోలో వెలుగు 'లూమో'. మధ్యలో 'ఎట్' చేరిస్తే తీవ్రత తగ్గి 'లూమెటో' అవుతుంది. 2001లో వచ్చిన టోకి పోనాలో సూర్యుడికీ వెలుగుకీ ఒకే మాట, 'సునో'. పక్కన 'లిలి' (చిన్న) పెట్టుకుని సర్దుకోవాలి. తెలివైన పద్ధతులే. కానీ తక్కువ వెలుగు వేరు, మెత్తని వెలుగు వేరు కదా! మబ్బు పట్టిన మధ్యాహ్నం వెలుగు బోలెడుంటుంది, అయినా గుచ్చదు. ఆకాశమంతా ఒకే పెద్ద దీపంలా అన్నివైపుల నుంచీ వెలుగు పంపడంతో నీడల అంచులు చెదిరిపోతాయి.

అందుకే నా నిర్వచనం ఇది: నీడ అంచు ఎక్కడుందో చెప్పలేని వెలుగు. మాట 'ఓమెలి'. అర్థంలేని రెండు మాటలు చెప్పి ఏ బొమ్మకు ఏది పేరో అడిగితే, 'బూబా' అంటే గుండ్రటి బొమ్మను, 'కికీ' అంటే మొనలున్నదాన్ని చూపిస్తారు చాలామంది. మెదడు, మనసుల మీద పరిశోధన చేసే రామచంద్రన్, హబ్బర్డ్ 2001లో దీని గురించి రాశారు. అది గుర్తుపెట్టుకుని క, ట లాంటి గరుకు హల్లులన్నీ పక్కన పెట్టాను. (మన 'వెన్నెల'లోనూ అలాంటిది ఒక్కటీ లేదు, గమనించారా?)

ఇంకో రూల్ కూడా పెట్టాను. దీన్ని క్రియగానే వాడాలి, 'గది ఓమెలుతోంది' అన్నట్టు.

ఇక ఫోన్ టార్చ్ ముఖాన కొట్టినప్పటి వెలుగు మిగిలింది. 'కిట్‌క' అనుకుంటున్నా. ఇంతకంటే గుచ్చుకునే మాట తడితే చెప్పండి.